అమ్మకు మెటల్ వాల్వు, మామయ్యకు సన్నబడ్డ వాల్వు: విమానం ఎవరు ఎక్కవచ్చు?

మీరు ఇద్దరి గురించి అడిగారు. అమ్మకు 59 ఏళ్లు. పదకొండేళ్ల కిందట గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు తీసి మెటల్ వాల్వు వేశారు, అప్పటినుంచి రక్తం పలచబడే మందు అసిట్రోమ్ వాడుతున్నారు. మీ చెల్లెలి కాన్పు కోసం హనుమకొండ నుంచి డాలస్ వెళ్లి ఆరు నెలలు ఉండాలి. పరకాలలో ఉండే మీ మేనమామకు 44 ఏళ్లు. ఆయనకూ అదే వాల్వు సన్నబడిందని రెండేళ్ల కిందట ఎకోలో, అంటే గుండె స్కానింగులో తేలింది, ఇంతవరకు వాల్వును బెలూన్‌తో తెరిపించిందీ లేదు, ఆపరేషనూ లేదు. ఇప్పుడు దుబాయ్‌లో పని దొరికింది. అమ్మ గురించి ఇంటిల్లిపాదీ హడలిపోతున్నారు. మామయ్యది నాలుగు గంటల ప్రయాణమే కదా అని ఆ ఊసే ఎత్తడం లేదు.

హనుమకొండలో గుండె జబ్బుల డాక్టరుగా ఏళ్ల తరబడి ఇలాంటి ఇళ్లను చూస్తున్నాను. మీ అమ్మగారు సిద్ధపడి వెళితే హాయిగా వెళ్లిరావచ్చు. మామయ్య మాత్రం కొత్త ఎకో చేయించుకునేదాకా టికెట్ కొనవద్దు. భయపడాల్సిన మనిషిని వదిలేసి మీరంతా వేరే మనిషి గురించి భయపడుతున్నారు.

ముందు విమానంలోని గాలి సంగతి. పైన 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలిని 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే ఒత్తిడికి తెచ్చి ఉంచుతారు. ఊటీ సుమారు 7,350 అడుగుల ఎత్తులో ఉంది. అంటే విమానంలో కూర్చోవడమంటే గాలి విషయంలో ఊటీలో కూర్చోవడమే. ఆ ఒత్తిడిలో పీల్చే గాలి నేల మీద 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో సమానం. మామూలుగా మనం పీల్చేది 21 శాతం. ఆరోగ్యవంతుల వేలికి ఆక్సీమీటర్ పెట్టినా 97, 98 ఉండేది 92, 93కు దిగుతుంది. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటి కొత్త విమానాల్లో లోపలి ఒత్తిడిని 6,000 అడుగుల దగ్గరే ఉంచుతారు కాబట్టి కొంత మెరుగు. టికెట్ కొనేటప్పుడు విమానం రకం కూడా కనిపిస్తుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే అవే చూసుకోండి.

గాలి అందక వాల్వు ఆగిపోతుందని మీ వీధిలో ఎవరో అన్నారట. మెటల్ వాల్వుకూ గాలి ఒత్తిడికీ సంబంధమే లేదు. గుండె గదుల మధ్య రక్తపు ఒత్తిడిలో వచ్చే తేడాకే అది తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఊటీలో పనిచేసినట్టే విమానంలోనూ పనిచేస్తుంది. రాత్రిపూట పక్కవాళ్లకు కూడా వినిపించే ఆ టిక్ టిక్ మాత్రం ఇంజన్ల హోరులో అమ్మకు వినిపించదు. నిద్రలో చెయ్యి గుండె మీద పెట్టుకుని ఆ చప్పుడు కోసం వెతికేవాళ్లున్నారు, అందుకే ముందే చెప్పి పంపండి.

ఇప్పుడు మామయ్య. మైట్రల్ వాల్వు మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల వాల్వు అంచులు అతుక్కుంటూ వస్తే అది 1.5కు దిగినప్పుడు జబ్బు తీవ్రమైనట్టు, 1 కంటే తగ్గితే మరీ తీవ్రమైనట్టు లెక్క. చెరువు తూము పూడిపోయినప్పుడు నీళ్లు దిగాలంటే ఎక్కువసేపు పడుతుంది, ఇక్కడా అంతే. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునేలోపు ఉండే విరామంలోనే పై గదిలోని రక్తం కింది గదికి దిగాలి. ఆక్సిజన్ తగ్గగానే గుండె వేగం పెరుగుతుంది, విరామం కురచబడుతుంది. దిగని రక్తం వెనక్కి ఊపిరితిత్తుల మీద పడుతుంది. పైగా ఆక్సిజన్ తగ్గినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు కూడా బిగుసుకుంటాయి. నేల మీద కూర్చున్నప్పుడు ఏ బాధా లేని మనిషికి విమానంలో ఆయాసం ముంచుకొచ్చి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం అలా జరుగుతుంది. ప్రయాణం నాలుగు గంటలా పద్దెనిమిది గంటలా అన్నది ఆ తర్వాతి మాట.

ఆయన్ను కూర్చోబెట్టి కొన్ని సంగతులు అడగండి. మేడ మెట్లు ఒక అంతస్తు ఎక్కితే ఆగాల్సి వస్తోందా? రాత్రి పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు పెట్టుకుంటున్నారా? నిద్రలోంచి లేచి కూర్చుంటున్నారా? కళ్లెలో రక్తపు చార కనిపించిందా? గుండె లయ తప్పి దడదడలాడుతోందా? మగవాళ్లు, అందులోనూ వీసా చేతిలో ఉన్నవాళ్లు, ఈ ప్రశ్నలకు నిజం చెప్పరు. కాబట్టి అత్తయ్యను విడిగా అడగండి. ఎక్కువ దిండ్ల సంగతి ఆమెకు తెలుస్తుంది. సమతల నేల మీద యాభై మీటర్లు నడిచి, పది పన్నెండు మెట్లు ఎక్కినా పెద్దగా ఆయాసం రాని మనిషి సాధారణంగా విమాన ప్రయాణం తట్టుకుంటాడని ఒక మోటు లెక్క ఉంది. ఇది ఎకోకు ప్రత్యామ్నాయం కాదు. ఇందులో తప్పినవాళ్లు మాత్రం డాక్టరుకు చూపించుకోకుండా ఎక్కకూడదు.

ఎకోలో వాల్వు బాగా సన్నగా ఉండి, సున్నం పట్టకుండా, పెద్ద లీకు లేకుండా, లోపల గడ్డ లేకుండా ఉంటే బెలూన్‌తో తెరిపించుకోవచ్చు. తొడ దగ్గర రక్తనాళంలోంచి వెళ్లి చేసే పని ఇది, ఛాతీ కోయరు. జపాన్ సర్జన్ కాంజీ ఇనోవె 1980లలో తెచ్చిన ఈ పద్ధతి వల్ల మన దగ్గర ఎందరో పేదలు ఆపరేషన్ తప్పించుకున్నారు. వాల్వు చికిత్సలు ఆరోగ్యశ్రీ కింద జరుగుతాయి, కార్డు ఉంటే డబ్బు గురించి ఆగిపోవద్దు. బెలూన్ బాగా జరిగి తేరుకున్నాక, మళ్లీ ఎకో చూసి డాక్టరు సరేనంటే దుబాయ్ ప్రయాణం మామూలు ప్రయాణమే.

గల్ఫ్ వీసా కోసం చేసే మెడికల్ పరీక్ష మామయ్య పాసయ్యారని రాశారు. అక్కడ ముఖ్యంగా చూసేది టీబీ, హెచ్‌ఐవీ, కామెర్ల వంటి అంటువ్యాధులు. ఆ కాగితం వాల్వుకు ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. నాకు విమానం కన్నా ఆ తర్వాతి పని గురించే ఎక్కువ బెంగ. 45 డిగ్రీల ఎండలో సిమెంటు బస్తాలు మోస్తే గుండె వేగం ఎంతకు పోతుందో ఊహించండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి ఇలా వెళ్లి, మూడు నెలలకే ఆయాసంతో తిరిగొచ్చి, ఏజెంటుకు కట్టిన అప్పు అలాగే మిగిలిపోయినవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఏ పనో తెలుసుకోకుండా ఏ డాక్టరూ ‘వెళ్లవచ్చు’ అని రాయకూడదని నా అభిప్రాయం.

ఇక అమ్మ దగ్గరికి. ఆమె విషయంలో చూడాల్సిందల్లా రక్తం పలచబడే మందు. ప్రయాణానికి ఆరువారాల ముందు నుంచే దాని ఏర్పాట్లు మొదలుపెట్టాలి.

అమెరికాలో అసిట్రోమ్ దొరకదు. అందులోని మందు అసినోకూమరాల్, దాన్ని అక్కడ అమ్మరు. అక్కడ దొరికేది వార్ఫరిన్. బయటి నుంచి వచ్చేవాళ్లు సొంత వాడకానికి తెచ్చుకునే మందులకు అక్కడ సాధారణంగా 90 రోజుల పరిమితి చెబుతారు. ఆరు నెలలు ఉండేవాళ్లకు సగంలో మందు అయిపోతుంది. ‘కొరియర్‌లో పంపిస్తాంలే’ అని ధీమాగా ఉండి, పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగిపోతే మెటల్ వాల్వు ఉన్న మనిషి మందు లేకుండా కూర్చోవాలి. మైట్రల్ స్థానంలోని మెటల్ వాల్వు మీద గడ్డ కట్టడానికి కొన్ని రోజులు చాలు. కాబట్టి మీ డాక్టరుతో మాట్లాడి, ఇక్కడ ఉండగానే వార్ఫరిన్‌కు మారే విషయం తేల్చుకోండి. రెంటి మోతాదూ ఒకటి కాదు. రెండు మిల్లీగ్రాముల అసిట్రోమ్‌కు రెండు మిల్లీగ్రాముల వార్ఫరిన్ అని ఇంట్లో లెక్క వేసుకోవద్దు. మారాక వారం వారం ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూస్తూ మోతాదు కుదిరేసరికి నెల పడుతుంది. అందుకే ఆరువారాలు అన్నాను. మార్చవద్దని డాక్టరు అంటే ఎంత తీసుకెళ్లాలి, మిగతాది ఏ కాగితాలతో ఎలా తెప్పించాలి అన్నది బయల్దేరకముందే తేలాలి.

ఐఎన్‌ఆర్ పరీక్షలు అక్కర్లేని కొత్త మందులు వచ్చాయట కదా అని మీ బావగారు అడిగారన్నారు. మెటల్ వాల్వుకు అవి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను మెటల్ వాల్వు ఉన్నవాళ్లలో ప్రయత్నించిన రీ-అలైన్ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి: గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే. మామయ్యకు గుండె లయ తప్పి రక్తం పలచబడే మందు అవసరమైతే ఆయనకూ అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి పాత మందే. మన దేశపు రోగులు కూడా ఉన్న ఇన్విక్టస్ అధ్యయనం 2022లో వచ్చింది. రుమాటిక్ వాల్వు జబ్బుతో లయ తప్పినవాళ్లలో కొత్త మందు రివరాక్సబాన్ కంటే పాత మందు మీద ఉన్నవాళ్లే మేలుగా ఉన్నారు. గల్ఫ్ క్యాంపులో ఐఎన్‌ఆర్ చేయించుకోవడం కష్టం కాబట్టి కొత్త మందు రాయమని అడిగేవాళ్లున్నారు. వాళ్ల కష్టం నాకు తెలుసు, అయినా రాయను.

మైట్రల్ మెటల్ వాల్వుకు ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. బయల్దేరే వారంలో ఒకసారి చూడండి, డాలస్ చేరిన వారం పది రోజుల్లో మళ్లీ చూడాలి. అక్కడ పరీక్ష ఎక్కడ చేయించాలో, మోతాదు ఎవరు చెబుతారో చెల్లెలిని ఇప్పుడే కనుక్కోమనండి. సొంతంగా డబ్బు కట్టి పరీక్ష చేయించుకునే ల్యాబులు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఫలితాన్ని ఇక్కడి డాక్టరుకు ఫోన్‌లో పంపించి మోతాదు అడిగేవాళ్లూ ఉన్నారు. ఏదో ఒక దారి ముందే ఖాయం చేసుకోవాలి, నెలలు నిండిన చెల్లెలు అప్పుడు వెతుక్కోలేదు.

మాత్ర వేళ గురించి అందరూ గాభరాపడతారు. అమ్మ సాయంత్రం ఆరింటికి వేసుకుంటారని రాశారు. వేసవి కాలమానంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఇక్కడ సాయంత్రం ఆరు అయ్యేసరికి అక్కడ అదే రోజు ఉదయం ఏడున్నర. అక్కడ ఉదయం ఏడున్నరకు వేసుకుంటే చాలు, రెండు మాత్రల మధ్య ఇరవై నాలుగు గంటల ఎడం చెక్కుచెదరదు. ప్రయాణంలో అమ్మ చేతిగడియారాన్ని మార్చవద్దు, మన టైములోనే ఉంచండి. అది ఆరు కొట్టినప్పుడు విమానంలో ఉన్నా, మధ్యలో విమానం మారే దోహాలో ఉన్నా మాత్ర వేసుకోవాలి. మీరు ఫొటోలో పంపిన కేలండర్ చూశాను: సోమ, బుధ, శుక్రవారాల్లో మూడు మిల్లీగ్రాములు, మిగతా రోజుల్లో రెండు, వేసుకున్న ప్రతి రోజూ ఎర్ర పెన్నుతో టిక్కు. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఇంత పద్ధతిగా ఉండరు. మందు మారితే కొత్త మోతాదు రాసి, ఆ కేలండర్ కాగితాన్నే చింపి పర్సులో పెట్టుకోమనండి, వారాలు కూడా తారుమారు కావు. ఒక పూట మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, మర్నాడు రెండూ కలిపి వేసుకోకూడదు.

తిండి సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. అమెరికాలో పాలకూర పెద్ద పెద్ద డబ్బాల్లో కడిగి అమ్ముతారు. మన అమ్మలు అక్కడికి వెళ్లగానే చేసేది పాలకూర పప్పు, పాలకూర పచ్చడి, పాలకూర పెసరట్టు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది, ఐఎన్‌ఆర్ పడిపోతుంది. ఆకుకూర మానమని నేను చెప్పను. ఇక్కడ వారానికి ఎన్నిసార్లు తింటారో అక్కడా అన్నిసార్లే తినాలి. అలాగే సూట్‌కేసులో సగం ఆవకాయ, సగం కారప్పొడులు సర్దుతారు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, ఆయాసం పెరుగుతుంది. అవి చెల్లెలి కోసం, అమ్మ కోసం కాదు. విమానం భోజనంలో కూడా ఉప్పు ఎక్కువే, టికెట్ కొన్నాక తక్కువ ఉప్పు భోజనం కావాలని ముందే నమోదు చేయించవచ్చు.

మోకాళ్ల నొప్పులకు అక్కడ ఏ దుకాణంలోనైనా చీటీ లేకుండా ఐబుప్రొఫెన్ ఇస్తారు. అమ్మ అది ముట్టకూడదు, ఆస్పిరిన్ కూడా డాక్టరు రాస్తేనే. నొప్పికి పారాసిటమాల్ చాలు, అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. అదీ రోజుల తరబడి ఎక్కువగా వాడితే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. బయల్దేరే హడావిడిలో ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మన దగ్గర మామూలే. ఈ మందు మీద ఉన్నవాళ్లకు కండలో సూది వేస్తే లోపల రక్తం గూడుకట్టి తొడ ఉబ్బిపోవచ్చు. యాంటీబయాటిక్స్ ఏవి వేసుకున్నా, ముఖ్యంగా మెట్రోనిడజోల్, సెప్ట్రాన్ లాంటివి, ఐఎన్‌ఆర్ ఎగబాకుతుంది. మూడు నాలుగు రోజుల్లో పరీక్ష చేయించాలి.

బయల్దేరకముందే పళ్లు చూపించండి. కదిలే పన్ను, చీము పట్టిన చిగురు ఉంటే ఇక్కడే చికిత్స చేయించండి. పన్ను పీకే ముందు గంటలోపు అమాక్సిసిలిన్ రెండు గ్రాములు వేసుకోవాలని మీ దంతవైద్యుడికి గుర్తుచేయండి; పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే మందు ఉంది. పన్ను కోసం రక్తం మందు సొంతంగా ఆపేయడం మాత్రం వద్దు. గడ్డ కట్టిన వాల్వులతో మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలా ఏదో కారణంతో మందు ఆపినవాళ్లే. అక్కడ రెండు రోజులకు మించి జ్వరం ఉంటే సూట్‌కేసులోని అజిత్రోమైసిన్ వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మెటల్ వాల్వు ఉన్నవాళ్లకు జ్వరమొస్తే ముందు రక్తం కల్చర్‌కు ఇవ్వాలి, ఆ తర్వాతే యాంటీబయాటిక్. లేకపోతే వాల్వు మీద చేరిన సూక్ష్మక్రిమి ఏదో తేలదు.

మెటల్ డిటెక్టర్ మోగుతుందా అని అడిగారు. వాల్వులో లోహం చాలా కొద్ది, సాధారణంగా మోగదు, మోగినా వాల్వుకు ఏమీ కాదు. వాల్వు కార్డు చూపిస్తే సరిపోతుంది. ఆ కార్డు గురించే ఇంకో మాట. అమ్మకు వేసింది చిత్ర వాల్వు అని రాశారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో తయారై 1990లో తొలిసారి మనిషికి అమర్చిన మన దేశపు వాల్వు అది, మంచి వాల్వు. అయితే డాలస్‌లోని డాక్టరు దాని పేరు విని ఉండకపోవచ్చు. మీ డాక్టరు చేత ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయించండి: ఒకే పళ్లెం వాలుగా తిరిగే రకం, మైట్రల్ స్థానం, సైజు, ఆపరేషన్ తేదీ, ఉండాల్సిన ఐఎన్‌ఆర్, మందుల అసలు పేర్లు, చివరి ఎకో అంకెలు. మందులు, ఉత్తరం, కార్డు చేతి సంచిలోనే ఉండాలి.

ఆక్సిజన్ అమ్మకు అవసరం లేదు. మందు సరిగ్గా వాడుతూ ఐఎన్‌ఆర్ హద్దులో ఉన్నవాళ్లకు కాళ్లలో గడ్డల భయం తక్కువ, అయినా రెండు గంటలకోసారి లేచి నడవాలి. నీరు పోయే మాత్ర వేసుకుంటే మాటిమాటికీ లేవాలని ప్రయాణం రోజు మానేస్తారు. హనుమకొండ నుంచి శంషాబాద్ మూడున్నర, నాలుగు గంటల కారు, ఆపై విమానం. రెండు రోజుల మాత్ర అలా పోతుంది. వేళ ఎలా జరపాలో డాక్టరును అడగండి, మొత్తంగా మానవద్దు. వరంగల్ పక్కనే ఉన్న మామునూరు విమానాశ్రయం నుంచి విమానాలు ఎగిరే రోజు వస్తే ఈ కారు బాధైనా తప్పుతుంది. బీమా తీసుకునేటప్పుడు ముందునుంచి ఉన్న జబ్బు గురించి ఏం రాశారో చిన్న అక్షరాలతో సహా చదవండి, వాల్వు సంగతి దాచవద్దు.

మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యో కాలో పడిపోయినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, వాల్వు టిక్ టిక్ మందగించినట్టు అనిపించినా ఐఎన్‌ఆర్ కోసం ఎదురుచూడకుండా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. ఈ ముక్క చెల్లెలికీ, మరిదికీ ఇద్దరికీ చెప్పండి.

చివరగా, అమ్మ ఒంటరిగా వెళ్లగలరా అన్నారు. వెళ్లగలరు. ఒకే చోట మారే టికెట్ తీసుకుని, మధ్యలో కనీసం మూడు గంటలు ఉండేలా చూడండి. వీల్‌చైర్‌కు టికెట్‌తోపాటే నమోదు చేయించండి. ‘నడవగలను కదా, నామోషీ’ అంటారు. కిలోమీటరు పైగా నడక, ఇమిగ్రేషన్ దగ్గర గంట నిలువు కాళ్ల మీద నిలబడటం, అదీ నిద్రలేని రాత్రి తర్వాత. వీల్‌చైర్ తోసే మనిషి గేటు దాకా దిగబెడతాడు, భాష రాకపోయినా దారి తప్పరు. మామయ్య ఎకో అయ్యాక రిపోర్టులో వాల్వు వైశాల్యం, ఊపిరితిత్తుల ఒత్తిడి, గుండె లయ ఏమని రాశారో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.